బదులు కూర్చున్న పిల్ల

తావుర్యా తండాలో మిరప ఏరుడు మొదలైందంటే ఏ ఇంటి మనుషులూ ఆ ఇంటి చేనులో మాత్రమే ఉండరు. ఇవాళ నీ చేను, రేపు నా చేను. మా ఇంటి నుంచి ఎంతమంది మీ చేనుకు వస్తే, మీ ఇంటి నుంచి అంతమంది మా చేనుకు రావాలి. దాన్నే బదులు అంటారు. ఒకరికి జ్వరమొస్తే ఆ ఇంటి నుంచే ఇంకొకరు పోతారు. పోయిన మనిషి ఎవరి పేరు మీద మొక్కల సాలు పట్టిందో, ఆ మనిషి పరువంతా ఆమె చేతుల్లో ఉన్నట్టే. పండుకాయ వదిలేసినా, కొమ్మ విరిచినా "బదులు పోయి సాలు చెడగొట్టింది" అని మళ్ళీ మిరప కాసేదాకా అంటూనే ఉంటారు.

హరిలాల్ ఇంటి నుంచి ఆ ఏడు ఇద్దరు పోవాలి. తను ఒకడు. భార్య తుల్సీబాయి కాలికి ముల్లు దిగి, చీము పట్టి, మడమంతా వాచి ఉంది. చిన్నబిడ్డ దీపకు మిరప ఘాటు పడదు. చేను గట్టు మీద నిలబడితే చాలు, ఆయాసం వస్తుంది. మిగిలింది పెద్దబిడ్డ సుమన.

సుమన మానుకోటలో నర్సు చదువు చదువుతోంది. ఆఖరి సంవత్సరం. ఆ కాలేజీలో చదువు రెండు తీర్లుగా నడుస్తుంది. వారంలో మొదటి సగం ఇంట్లోనే ఉండి ఫోన్‌లో పాఠాలు వినాలి. తరువాతి సగం మానుకోటకు పోయి క్లాసులోనూ దవాఖాన వార్డులోనూ నిలబడి నేర్చుకోవాలి. రెండింట్లోనూ హాజరు నిండితేనే హాల్‌టికెట్ ఇస్తారు. పరీక్షలు దగ్గరికొచ్చినయి. ఈ పరీక్ష ఒక్కటి గట్టెక్కితే సుమనకు ఏదో ఒక దవాఖానలో తెల్లకోటు ఖాయమని ఇంట్లో అందరి నమ్మకం.

ఏరుళ్లకు మనుషులను కూడగట్టే నీలి ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు వాకిట్లో నిలబడింది.

"హరిలాలన్నా, రేపు మా చేను. ఇద్దరు రావాలె. నువ్వొక్కనివే వచ్చి రెండు సాళ్లు పడ్తవా ఏంది?"

"తుల్సి కాలు చూస్తివి కద."

"చూసిన. కాలును రమ్మంటలేను, మనిషిని పంపుమంటున్న."

ఆమె పోయినాక తుల్సీబాయి మంచం మీద నుంచే అంది. "సుమనను తీస్కపో. ఫోన్ ముంగట దీప కూసుంటది."

ఆ ఇంట్లో తల్లిని యాడి అనీ తండ్రిని బా అనీ పిలుస్తారు. "అట్ల నడువదు యాడీ," అంది సుమన.

"ఎందుకు నడువదు? పేరు పిలిస్తే పలికే మనిషి ఉండాలె, అంతే గద. సగం మంది పోరగాండ్లు ముఖమే చూపియ్యరని నువ్వే చెప్తివి."

సుమన తండ్రి వైపు చూసింది. హరిలాల్ అప్పుడు తండా దేవుడు సేవాభాయా మాలలో ఉన్నాడు. మాల వేసుకున్నన్నాళ్లు అబద్ధం ఆడనని గుడి ముందు మాటిచ్చినవాడు. కొంచెంసేపు ఆలోచించాడు. ఇంట్లో ఒకరికి వీలుకాని పనికి ఇంకొకరు పోవడం తాతల నాటి నుంచి ఉన్నదే. ఇందులో అతనికి అబద్ధం కనబడలేదు.

"దీప మంచిగ వింటది," అన్నాడు.

గిన్నెలు తోముతున్న దీప చెయ్యి ఆగింది. కరోనా కాలంలో బడి ఫోన్‌లోకి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్. సుమన పదో తరగతి కాబట్టి అది సుమనకు దక్కింది. దీప రెండు తరగతులు చిన్నది. తరువాత చూద్దాంలే అన్నారు. బడులు మళ్ళీ తెరిచేసరికి నాయనమ్మ సోమ్లీ మంచాన పడింది. ఆమెకు చేసిపెట్టే మనిషి కావాల్సి వచ్చింది. ఆ తరువాత దీప చదువు గురించి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, దీప కూడా ఎత్తలేదు.

తండాలో ఫోన్ సిగ్నల్ సేవాభాయా గుడి అరుగు మీద తప్ప ఎక్కడా నిలబడదు. తెల్లారి చేనుకు పోయే ముందు సుమన చెల్లెను ఆ అరుగు మీద కూర్చోబెట్టి అన్నీ చూపించింది.

"పేరు పిలుస్తరు. ప్రెజెంట్ మేడమ్ అను. మల్ల మైక్ బంద్ చెయ్యి. ఇగ ఏం మాట్లాడకు."

"పని చేయకుంట ఉట్టిగ కూసుంటే బదులెట్లయితది అక్కా?"

సుమనకు నవ్వొచ్చింది. "గిది మిరప సాలు కాదే పిచ్చిదానా."

దీప ఆ మాటను నవ్వులాటగానే తీసుకుంది కానీ ఒప్పుకోలేదు. ఆనాటి నుంచి ఫోన్ పాఠం ఉన్న రోజల్లా సుమన చేనుకు పోతే, దీప అరుగు మీద పాఠమైనంతసేపూ కదలకుండా కూర్చునేది. ఫోన్ నిండా నల్లటి గడులు, గడి కింద ఒక పేరు. పేరు పిలిచినప్పుడు ఆ గడుల్లోంచి ఒక్కో గొంతు లేచి, పలికి, మునిగిపోయేది. ఆ తరువాత రజిత మేడమ్ ఒక్కతే మాట్లాడేది. ఆమెది జఫర్‌గఢ్. మాట కూడా ఇటువైపు మాటే కాబట్టి దీపకు అర్థమయ్యేది. అర్థం కాని ఇంగ్లీషు పేర్లను నోట్లోనే తిప్పుకుంటూ గుర్తు పెట్టుకునేది.

హరిలాల్ పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు చిన్నబిడ్డ తలవంచి ఫోన్ ముందు కూర్చుని ఉండేది. సేవాభాయా ఎదుట, గుడి తెల్లజెండా నీడలో చదువు చెప్పించుకుంటున్న పిల్లను చూస్తే అతనికి కడుపు నిండినట్టుండేది. ఎన్నడో ఆగిపోయిన పని ఇట్ల దేవుడే జరిపిస్తున్నాడేమో అనుకునేవాడు.

సాయంత్రం దీప ఆ రోజు పాఠమంతా అక్కకు అప్పజెప్పేది. చేనులో ఎంతదాకా ఏరిందీ బదులు పోయిన మనిషి ఇంటికొచ్చి చెప్పినట్టే చెప్పేది. సుమన చేతులు పెరుగు గిన్నెలో పెట్టుకుని వినేది. మిరప మంట గోళ్ల సందుల్లోకి దిగితే సబ్బుకు పోదు, నూనెకు పోదు. పెరుగులో పెట్టుకుంటే కొంత చల్లబడుతుంది. మొదట్లో అడిగి అడిగి వినేది. పోను పోను "ఊఁ" అనేది. ఆ తరువాత అది కూడా లేకుండా కూర్చున్నచోటే కునికేది.

ఒక బుధవారం పాఠం, మంచాన పడ్డ రోగుల గురించి. ఒకే పక్క పడుకున్న మనిషికి ఒళ్ళు ఎట్ల పుండ్లు పడుతుందో, ఎంతసేపటికి ఒకసారి పక్కకు తిప్పాలో రజిత మేడమ్ చెప్పింది. చెప్పి, "ఎవరికన్నా ఏమన్న డౌట్ ఉందా?" అంది. ఎవరూ పలకలేదు. "అర్థమైందా?" అంది. పలకలేదు. కొంచెం ఆగి, "గోడకు చెప్పినా గోడ మాట తిరిగొస్తది. మీ దిక్కునుంచి గంత కూడా లేదు," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

దీపకు తల కొట్టేసినట్టయింది. అక్క పేరు మీద కూర్చున్నది తను. మేస్త్రమ్మ సాలు వెంబడి వచ్చి అడిగితే తల వంచుకున్నట్టే కదా ఇది. మైక్ తెరిచింది.

"మేడమ్, మా నాయనమ్మ మంచంల ఉండె. పక్కకు తిప్పితే ఏడ్చేది. తిప్పకు బిడ్డా, సంపకు అని చెయ్యి పట్టుకునేది. ఆమె ఏడుస్తుందని నేను తిప్పకపోతుంటి. మల్ల పుండ్లయినయి. ఏడుస్తున్నా తిప్పాలెనా మేడమ్?"

అటువైపు మేడమ్ హాజరు కాగితం తిరగేసిన చప్పుడైంది. తరువాత, "ఎవరు, సుమననా?" అంది మేడమ్.

చేనులో లేని మనిషి పేరు పిలిచినా బదులొచ్చిన మనిషే పలుకుతుంది. "ఆఁ మేడమ్," అంది దీప.

"తిప్పాలె. ఆపొద్దు. కని ముందుగాల చెప్పాలె. అవ్వా, జర మంట పెడ్తది, నేనున్న అని చెప్పి, చెయ్యి పట్టుకుని తిప్పాలె. గీ మాట నేను చెప్పుడు మర్చిపోయిన, నువ్వు యాది చేసినవు. రేపు వార్డుల అందరి ముంగట నువ్వే చూపియ్యాలె."

దీప అరుగు దిగి ఇంటికి పోతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. నాయనమ్మ గుర్తొచ్చి కళ్ళు కూడా తడిసినయి. సాయంత్రం ఈ సంగతి అక్కకు చెప్పాలని ఎదురుచూసింది. సుమన చేనునుంచి వచ్చి, గోడకు ఒరిగి, చేతులు పెరుగు గిన్నెలో ఉండగానే నిద్రపోయింది. దీప పిలవబోయి ఆగిపోయింది. గిన్నె తీసి, అక్క చేతులు తుడిచి, మీద చెద్దరు కప్పింది.

తెల్లారి సుమన జడ వేసుకుంటుంటే, "అక్కా, నిన్న మేడమ్ ఒక ముచ్చట..." అని మొదలుపెట్టింది. అంతలోనే రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది.

"వచ్చినంక చెప్పు," అని సుమన పరుగెత్తింది.

వార్డులో ఒక ముసలామె మంచం చుట్టూ పిల్లలందరూ నిలబడ్డారు. రజిత మేడమ్ ముఖం ఆ రోజు వెలుగుతో ఉంది.

"సుమనా, ముందుకు రా. నిన్న అడిగినవు కద, మీ నాయనమ్మ సంగతి. అది అందరికి చెప్పు. చెప్పి, ఈ అవ్వను ఎట్ల తిప్పాలెనో చూపియ్యి."

సుమన ముందుకొచ్చింది. నాయనమ్మ మంచాన ఉన్న రోజుల్లో తను ఇంటర్ హాస్టల్‌లో ఉంది. నాయనమ్మ పుండ్లు పడి చనిపోయిందని మాత్రమే తెలుసు.

"ఏ సంగతి మేడమ్?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "నిన్న ఫోన్‌ల మస్తు మాట్లాడింది మేడమ్, ఇయ్యాల సిగ్నల్ లేనట్టుంది," అంది ఒక పిల్ల.

రజిత మేడమ్ నవ్వలేదు. సుమన గొంతు ఆమెకు అప్పుడే కొత్తగా వినబడినట్టుంది. దగ్గరికొచ్చి, మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నయి, గోళ్ల పక్కన తోలు లేచింది.

"నిన్న ఈ చేతులు ఫోన్ పట్టుకోలే," అంది చాలా చిన్నగా.

ఆమె అంతకు మించి ఒక్క మాట అనలేదు. కానీ నిన్న మాట్లాడింది సుమన కాదని నవ్విన పిల్లలు మధ్యాహ్నం అన్నాల దగ్గర అనుకున్నారు, అనుకున్నది ఆఫీసు గదిదాకా పోయింది. తండ్రిని తీసుకురమ్మని సుమనకు కబురొచ్చింది.

హరిలాల్ తెల్లబట్టల మీద మాల సవరించుకుని, దీపను కూడా వెంటబెట్టుకుని బయలుదేరాడు. సుమన వద్దంది. "దీప ఎందుకు బా?" అంది. అతను వినలేదు. బదులు దగ్గర తగువు వస్తే, పోయిన మనిషిని తెచ్చి ముందర నిలబెట్టాలి. పని ఎట్లా చేసిందో ఆ మనిషే చెప్పాలి. తండాలో తగువులన్నీ అట్లనే తెగుతాయి.

కాలేజీ మెట్ల దగ్గరే రజిత మేడమ్ ఎదురొచ్చింది. దీపను చూడగానే ఆగిపోయింది.

"నువ్వేనా?" అంది. దీప తల ఊపింది. మేడమ్ ఒక్క క్షణం ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, హరిలాల్‌ను పక్కకు పిలిచింది.

"అన్నా, చెప్పేది విను. ఈ పిల్లను బస్టాండ్‌ల కూసుండబెట్టి రా. లోపల సార్ అడుగుతె, సుమనకు జరమొచ్చి యాది లేకపాయె అని చెప్పు. గొంతు సంగతి నేను చూసుకుంట. నా క్లాసుల మాట్లాడింది సుమననే అని నేను చెప్త."

"మాలల ఉన్న మేడమ్. అబద్ధం ఆడరాదు."

"నువ్వు ఆడకు. ఏం మాట్లాడకు. నేను ఆడుత."

"నా కోసం మీకెందుకు పాపం," అన్నాడు హరిలాల్ నిజంగానే నొచ్చుకుని. "మేం తప్పు చేస్తే కద దాచుకునుడు. అడుగుండ్రి మేడమ్, ఇన్ని రోజుల పాఠంల ఏది అడిగినా చెప్తది నా బిడ్డ. ఒక్క దినం ఎగ్గొట్టలే."

"బా, మేడమ్ చెప్పినట్టు ఇను," అంది సుమన. "నీ కాళ్ళు మొక్కుత."

హరిలాల్ ఆమె తల నిమిరాడు. "భయపడకు. సేవాభాయా ఉన్నడు," అని లోపలికి నడిచాడు.

ప్రిన్సిపాల్ పెద్దమనిషే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఫోన్ పాఠం విన్నది ఎవరు అని అడిగాడు. హరిలాల్ కూర్చోకుండా, దీపను ముందుకు జరిపి అంతా చెప్పాడు. భార్య కాలు, నీలి చేను, మిరప ఘాటు, గుడి అరుగు, ఏదీ దాచలేదు. దాచాల్సింది ఉందని అతనికి తోచలేదు. ఒప్పుకుంటున్నట్టు కాదు, తమ ఇంటి పని శుభ్రంగా జరిగిందని చూపిస్తున్నట్టు చెప్పాడు.

"బదులు మనిషిని పెట్టినం సార్. పని చెడగొట్టలే."

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వెంట వచ్చి నిలబడ్డ రజిత మేడమ్ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"పెద్దమనిషీ, ఒక మాట అడుగుత. రేపు దవాఖానల నీకే సూది వెయ్యాలె. పాఠం విన్నది గీ పిల్ల, సర్టిఫికెట్ ఆ పిల్లకు. ఎవ్వలతోని ఏపిచ్చుకుంటవు?"

అడిగింది న్యాయమేనని హరిలాల్ మనసుకు తెలిసింది. ఆ మాట అంతకుముందు తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు. అయినా ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాడు.

"సార్, ఆ ఫోన్‌ల నల్లటి గడులు ఉంటయి. పేరుంటది, మనిషి ఉండరట. వాళ్లందరు వచ్చినట్టేనా?"

"వాళ్ల పేరు మీద ఇంకొకలు కూసున్నరని ఎవ్వరు నా దగ్గరికొచ్చి చెప్పలే."

"మనిషే లేకుంటె తప్పు కాదు, ఇంకో మనిషుంటె తప్పా సార్?"

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవు. చెప్పినవు. విన్నంక విననట్టు నేను ఉండరాదు. ఒకలి పేరు మీద ఇంకొకలు హాజరు వేయిస్తే పేరు కొట్టేసుడే. నా చేతుల లేదు."

ఈ ఏడు పరీక్ష లేదు. మళ్ళీ చదవాలంటే మొదటి నుంచి చేరాలి. ఒకసారి పేరు పోయినవాళ్లకు సర్కారు ఫీజు మళ్ళీ రాదు. ఆ మాటలు ఆయన మెల్లగానే చెప్పాడు. సుమన ఏడవలేదు. మెడలో ఉన్న కాలేజీ కార్డు తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టింది. దీప మాత్రం గది మధ్యలో నిలబడే ఉంది. ఆమెను ఎవరూ ఒక్క పాఠం కూడా అడగలేదు.

తిరుగు బస్సులో సుమన వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది. హరిలాల్ లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయినాక ఆమె కిటికీ నుంచి తల తిప్పకుండా అడిగింది.

"మేడమ్ చెప్పినట్టు ఎందుకు ఊకోలే బా?"

"అబద్ధం బిడ్డా."

"నా పేరు పిలిస్తే దీప పలికింది. అది అబద్ధం కాదా?"

"అది బదులు."

"మన తండాలనే అది బదులు," అంది సుమన.

ముందు సీటులో దీప ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిరప కల్లాల పక్కనుంచి బస్సు పోతుంటే ఆమెకు దగ్గు మొదలైంది, తండా దాకా ఆగలేదు.

ఆ తరువాత సుమన రోజూ ఏరుడుకు పోయింది. ఎవరూ పొమ్మనకముందే పోయేది. నీలి కూడా ఆమెను చూసి నోరు మెదిపేది కాదు. సాయంత్రం వచ్చి చేతులు పెరుగులో పెట్టుకునేది కాదు, మంట మంటగానే ఉంచుకునేది. దీప గుడి అరుగు వైపు పోవడం మానేసింది. అక్క ముందు అన్నం గిన్నె పెట్టి, మాట్లాడకుండా పక్కకు జరిగేది. హరిలాల్ దీపం పెట్టేటప్పుడు ఖాళీ అరుగు చూసి, మొక్కడం సగంలో ఆపి నిలబడేవాడు. నిజమే చెప్పాను కదా అని సేవాభాయాను అడిగేవాడు. ఆ నిజం ఎవరికి పనికొచ్చిందో చెప్పమని అడగాలంటే భయమేసేది.

సేవాభాయా పండుగ వచ్చింది. ఆ రోజు గుడి ముందు నిప్పులు పేర్చి భోగ్ పెడతారు. నెయ్యి, బెల్లం కలిపిన అన్నం ముద్ద ఇంట్లో ఒక్కొక్కరు నిప్పుల్లో వేసి దండం పెట్టుకోవాలి. ఊరు దాటి పోయినవాళ్లుంటే వాళ్ల పేరు చెప్పి ఇంట్లోవాళ్లే వేస్తారు. మేస్త్రీ పనికి పోయిన కొడుకు పేరు మీద తల్లి, దవాఖానలో ఉన్న భార్య పేరు మీద భర్త. దేవుడు ఇన్నేళ్లలో ఏ ఒక్క ముద్దా కాదనలేదు.

హరిలాల్ వేశాడు. తుల్సీబాయి కుంటుకుంటూ వచ్చి వేసింది. దీప వేసింది. హరిలాల్ చేతిలో ఒక ముద్ద తీసుకుని వెనక్కి చూశాడు. సుమన అరుగు చివర, ఒకప్పుడు చెల్లె ఫోన్ పట్టుకుని కూర్చున్నచోట కూర్చుని ఉంది.

"రా బిడ్డా," అన్నాడు.

సుమన లేవలేదు. గొంతు పెంచలేదు.

"నా పేరు మీద దీపను వెయ్యమను."

నిప్పుల చుట్టూ నిలబడ్డవాళ్లు చూపులు తిప్పుకున్నారు. హరిలాల్ చేతిలోని ముద్దను దీప వైపు చాపాడు, చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. దీప రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి పేరు మీద ఇంకొకరు వేయవచ్చునా అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడు తెల్లజెండా కింద ఊరుకునే ఉన్నాడు. నెయ్యి కరిగి వేళ్ల సందుల్లోంచి మట్టి మీద పడుతోంది.

"హరిలాలన్నా," అంది నీలి కొంతసేపటికి, "నిప్పులు ఆరుతున్నయి."